పత్రిక ఫొటోల నుంచి పాటల వెన్నెల దాకా.. మార్కస్ బార్ట్‌లీ

జ్యోతినగర్: పాటకు వీడియో తీయడం ఈ రోజుల్లో పెద్ద విశేషమేమీ కాదు. ఇటు ఎన్టీపీసీ టౌన్‌షిప్, అటు గోదావరిఖని, మధ్యలో సింగరేణి కాలనీలు.. ఎక్కడ చూసినా కెమెరా పట్టిన కుర్రాళ్లు కనిపిస్తారు. పొద్దున నికా ఫొటోలు, రాత్రికి వలీమా వీడియో, ఖాళీ దొరికితే యూట్యూబ్ కోసం ఒక జానపద పాట. ఫొటో స్టూడియోలో చేరి పని నేర్చుకుని, నాలుగేళ్లకు పాటల డైరెక్టర్‌గా పేరు వేసుకునేవాళ్లూ ఉన్నారు. అయినా పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే, కెమెరా పని అని చెప్పడానికి ఇంట్లోవాళ్లు కొంచెం తడబడతారు. అదొక షౌక్ అనుకుంటారు గానీ హునర్ అని ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది.

ఫొటోలు తీసే మనిషి పాటలు తీసే మనిషిగా మారడం పాశ్చాత్య దేశాల్లో ఒక పెద్ద కథ. లండన్‌లో రాక్ సంగీతకారుల ఫొటోలు తీసిన మిక్ రాక్, 1972, 1973 సంవత్సరాల్లో డేవిడ్ బోవీ పాటలకు చిన్న చిన్న ఫిల్ములు తీశాడు. ఆ తర్వాత 1981లో అమెరికాలో ఎంటీవీ మొదలయ్యాక ఫొటోగ్రాఫర్లు చాలామంది మ్యూజిక్ వీడియోల వైపు మళ్లారు. మన తెలుగు తెర మీద అలాంటి ప్రయాణం అంతకన్నా ఎన్నో ఏళ్ల ముందే జరిగింది. చేసినాయన పేరు మార్కస్ బార్ట్‌లీ. ఆయన డైరెక్టర్ కాదు, కెమెరామన్. కానీ పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్, జగదేకవీరుని కథ, గుండమ్మ కథ.. ఈ సినిమాల్లో పాటలు గుర్తొచ్చినప్పుడు కళ్ల ముందు కదిలే బొమ్మ ఆయన వెలుగు పెట్టి తీసిందే.

పత్రికలో మొదలు

బార్ట్‌లీ 1917లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టారు. ఆయన మాతృభాష తెలుగు కాదు. చిన్నప్పటి నుంచే కెమెరా మీద ఇష్టం. 1935లో, అంటే పద్దెనిమిదేళ్ల వయసులో, టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో ప్రెస్ ఫొటోగ్రాఫర్‌గా చేరారు. తర్వాత న్యూస్ రీళ్లకు కెమెరామన్‌గా పని చేశారు. టీవీలు లేని కాలం అది. సినిమా హాల్లో అసలు బొమ్మకు ముందు వార్తల రీలు వేసేవారు. దేశంలో ఏం జరుగుతున్నదో జనం కదిలే బొమ్మల్లో చూసేది అక్కడే.

పత్రిక ఫొటోగ్రాఫర్‌కు రెండో ఛాన్స్ ఉండదు. మంత్రి గారు రిబ్బన్ కత్తిరించేశాక మళ్లీ కత్తిరించమని అడగలేడు. ఉన్న ఎండలో, ఉన్న నీడలో, ఉన్న జనంలో నిలబడి ఒక్క క్షణాన్ని పట్టుకోవాలి. వెలుగు ఎటు నుంచి వస్తున్నదో, ముఖం మీద ఎంత పడుతున్నదో కన్ను ముందే లెక్క కట్టాలి. న్యూస్ రీలుకైతే ఆ లెక్క కదిలే మనుషుల మీద చేయాలి. ఆయన తర్వాతి జీవితానికి ఈ పదేళ్ల కాలమే బడి లాంటిది. సినిమా స్టూడియోలో వెలుగును మనిషే తయారు చేస్తాడు. అసలైన ఎండ, అసలైన నీడ ఎలా ఉంటాయో వీధిలో నిలబడి చూసినవాడికి వాటిని ఫ్లోర్ మీద పుట్టించడం వస్తుంది.

మద్రాసు ఫ్లోర్ మీదికి

అప్పట్లో తెలుగు సినిమాకు మద్రాసే ఇల్లు. అక్కడి స్టూడియోల్లోకి వచ్చిన బార్ట్‌లీకి తెలుగులో పేరు తెచ్చిన తొలి సినిమా స్వర్గసీమ. 1945లో వచ్చింది. వాహినీ సంస్థకు బి.ఎన్. రెడ్డి తీశారు. చిత్తూరు నాగయ్య, జయమ్మ, భానుమతి నటించారు. భానుమతికి పెద్ద పేరు తెచ్చిన సినిమా ఇది. ఆమె పావురం పాట ఊరూరా మోగింది. ఆ పాటలో ఆమె ముఖాన్ని జనానికి దగ్గర చేసిన కెమెరా బార్ట్‌లీది.

రెండేళ్లకు, 1947లో, దేశం రెండు ముక్కలైంది. ఇంగ్లీషు వాళ్లు వెళ్లిపోయారు. వాళ్లతో పాటు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎన్నో ఇంగ్లండ్‌కు, తర్వాత ఆస్ట్రేలియాకు, కెనడాకు తరలిపోయాయి. వెళ్లినవాళ్లు, ఉండిపోయినవాళ్లు అనే లెక్క మన ఇళ్లకు కొత్తది కాదు. ఒక అన్న అటు, ఒక తమ్ముడు ఇటు అయిన కుటుంబాలు హైదరాబాద్ రాజ్యమంతటా ఉన్నాయి. బార్ట్‌లీ మాత్రం మద్రాసులోనే ఉన్నారు. ఆ 1947లోనే కె.వి. రెడ్డి తీసిన యోగి వేమనకు, 1949లో గుణసుందరి కథకు కెమెరా పట్టారు. తర్వాతి పదిహేనేళ్లు తెలుగు సినిమాకు మంచి కాలమైతే, ఆయనకూ అదే మంచి కాలం.

పాట ఎలా తీసేవారు

ఆ రోజుల్లో పాట తీయడం ఎంత మెహనతో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ముందు పాట రికార్డు చేస్తారు. ఫ్లోర్ మీద ఆ పాటను ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంటే నటులు పెదవులు కలపాలి. కెమెరా పెద్ద ఇనుప పెట్టె. దాన్ని కదిలించాలంటే పట్టాలు వేయాలి, నలుగురు తోయాలి. పైన పరంజా మీద లైట్ బాయ్‌లు ఎండను మించిన వేడిలో నిలబడాలి. తీసింది అక్కడికక్కడ చూసుకునే మానిటర్ లేదు. ఫిల్ము ల్యాబ్‌కు వెళ్లి కడిగి వచ్చాకే బొమ్మ బాగా వచ్చిందో పాడైందో తెలిసేది. పాడైతే ఫిల్ము ఖర్చు, ఫ్లోర్ ఖర్చు, తారల కాల్షీట్లు అన్నీ నష్టం ఖాతాలోకే. కాబట్టి కెమెరామన్ అంటే నిర్మాత డబ్బుకు అమానత్‌దారు లాంటివాడు. చేతిలోని మీటర్, కంటి అంచనా, అనుభవం.. ఇవే ఆయన పూచీ.

ఇంకో సంగతి ఉంది. ఇవన్నీ నలుపు తెలుపు సినిమాలు. ఎర్ర చీర, ఆకుపచ్చ చీర రెండూ తెర మీద బూడిద రంగులోనే కనిపిస్తాయి. జాగ్రత్త పడకపోతే మనిషి వెనక గోడలో కలిసిపోతుంది. మనిషిని గోడ నుంచి విడదీసేది వెలుగు ఒక్కటే. జుట్టు అంచు మీద వెనక నుంచి పడే సన్నటి వెలుగు, చెంప మీద కొంచెం నీడ, కంట్లో చిన్న మెరుపు. బొగ్గు బావిలోకి దిగే కార్మికుడికి టోపీ మీది దీపం విలువ ఎంతో తెలుసు. అలాగే చీకటిలో ఎక్కడ ఎంత వెలుగు కావాలో బార్ట్‌లీకి తెలుసు.

పాతాళభైరవి నుంచి మిస్సమ్మ దాకా

నాగిరెడ్డి, చక్రపాణి కలిసి విజయా సంస్థ పెట్టాక బార్ట్‌లీ ఆ ఇంటి మనిషి అయ్యారు. 1951లో పాతాళభైరవి వచ్చింది. దర్శకుడు కె.వి. రెడ్డి. తోట రాముడుగా ఎన్టీఆర్, నేపాళ మాంత్రికుడుగా ఎస్వీ రంగారావు. గుహలు, మంత్రాలు, గాలిలో తేలే మేడ. ఇవన్నీ పిల్లలు నమ్మేలా చూపించాలి. కంప్యూటర్ లేదు. ఉన్నది కెమెరా, అద్దాలు, పొగ, కొలతలు, ఓపిక. 1952లో మన దేశంలో మొదటిసారి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు దక్షిణాది నుంచి అక్కడ చూపించిన సినిమా ఇదే.

1955లో మిస్సమ్మ. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. ఇందులో మాయలు లేవు, మంత్రాలు లేవు. ఉద్యోగం కోసం ఒక హిందూ అబ్బాయి, ఒక క్రైస్తవ అమ్మాయి భార్యాభర్తలమని అబద్ధం చెప్పి ఒక ఊళ్లో టీచర్లుగా చేరతారు. వేరే వేరే మతాల మనుషులు ఒకే కప్పు కింద ఎలా సర్దుకుంటారో నవ్విస్తూ చెప్పిన కథ. చందమామతో మొర పెట్టుకునే పాటలో సావిత్రి, ఎన్టీఆర్ ముఖాల మీద చిరాకు, చిరునవ్వు, లోపలి ఇష్టం ఒకేసారి కనిపిస్తాయి. కెమెరా వాళ్ల మధ్యలోకి దూరదు. కొంచెం పక్కన నిలబడి చూస్తుంది. పత్రికలో పని చేసిన మనిషి అలవాటు అది. జరుగుతున్నది జరగనివ్వాలి, చెడగొట్టకూడదు.

పగటి పూట పుట్టిన వెన్నెల

1957 మార్చి 27న మాయాబజార్ విడుదలైంది. బార్ట్‌లీ పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇదే. తెలుగులోను, తమిళంలోను తీశారు. ద్వారకా నగరాన్ని చూపించడానికి స్టూడియోలో 50 అడుగులు, 60 అడుగుల స్థలంలో 300 చిన్న చిన్న ఇళ్లతో నమూనా కట్టారు. కళాదర్శకులు గోఖలే, కళాధర్, వాళ్లతో పాటు బార్ట్‌లీ కూర్చుని ఆ బొమ్మ ఊరికి కరెంటు దీపాల ఏర్పాటు చేశారు. గుప్పెడంత ఇల్లు తెర మీద నగరంలో ఒక మేడగా కనిపించాలంటే దీపం కూడా ఆ కొలతకే ఉండాలి. దీపం పెద్దదైతే మోసం బయటపడుతుంది.

ఇక లాహిరి లాహిరి పాట. పిల్లలు శశిరేఖ, అభిమన్యుడు పడవలో వెన్నెల విహారానికి వెళతారు. తర్వాత కృష్ణుడు, రుక్మిణి అదే పడవలో కనిపిస్తారు. చివరికి బలరాముడు, రేవతి కూడా వస్తారు. పాట మొత్తం వెన్నెలే. నీళ్ల మీద తళుకు, ఆకుల సందుల్లో వెలుగు, ముఖాల మీద చల్లదనం. మద్రాసు దగ్గర ఆరుబయట తీసిన దృశ్యాలు కొన్ని, స్టూడియోలో తీసినవి కొన్ని కలిపి ఆ పాటను తయారు చేశారు. నిజం వెన్నెలలో ఆ నాటి ఫిల్ము మీద ఏమీ పడదు. అంత తక్కువ వెలుగును అది అందుకోలేదు. అందుకే ఆ కాలం కెమెరామన్లు పగటినే రాత్రిగా మార్చేవారు. సూర్యుణ్ణి ఎదురుగా పెట్టుకుంటే నీళ్లు వెండిలా మెరుస్తాయి. లెన్స్ ముందు రంగు ఫిల్టర్ పెడితే నలుపు తెలుపు ఫిల్ము మీద ఆకాశం నల్లబడుతుంది. వెలుగు లోపలికి రావడం తగ్గిస్తే ఎండ వెన్నెల అవుతుంది. ఈ పద్ధతి చాలామందికి తెలుసు. కానీ బయట తీసిన దృశ్యానికి, ఫ్లోర్ మీద తీసిన దృశ్యానికి మధ్య అతుకు కనిపించకుండా ఒకే రాత్రిలా అనిపించడమే కష్టం. బార్ట్‌లీ చేసింది ఆ కష్టమైన పని.

అదే సినిమాలో ప్రియదర్శిని పేటిక ఉంది. మూత తీస్తే మనసులో ఉన్న మనిషి అందులో కనిపించే పెట్టె. దూరంగా ఉన్న అభిమన్యుడు, శశిరేఖ దాని ద్వారా ఒకరినొకరు చూసుకుంటూ పాడుకుంటారు. దుబాయ్‌లో ఉన్న భర్తతో వీడియో కాల్ మాట్లాడే ఇల్లాలికి ఆ సీన్ ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది, కన్ను కూడా చెమరుస్తుంది. ఘటోత్కచుడు పెళ్లి విందు మొత్తం ఒక్కడే తినేసే పాటలో లడ్డూలు వాటంతట అవే నోట్లోకి ఎగిరి వెళతాయి. పిల్లలు ఇప్పటికీ కేకలు వేస్తారు. ఆ నవ్వుల వెనక ఫ్రేము ఫ్రేముకు లెక్క ఉంది.

ఒకరు పలువురైన పాట, నలుగురు కలవని పాట

1961లో జగదేకవీరుని కథ వచ్చింది. అందులో శివశంకరి పాటలో ఎన్టీఆర్ ఒక్కరే పలువురై కనిపిస్తారు. ఒకరు పాడుతుంటే మిగతా ఎన్టీఆర్‌లు వాద్యాలు వాయిస్తుంటారు. ఆ కాలంలో ఇలాంటి దృశ్యానికి కెమెరా ముందు కొంత భాగం మూసి, మిగతా భాగం మీద తీసేవారు. ఫిల్మును వెనక్కి తిప్పి, మూసిన చోటు తెరిచి, తీసిన చోటు మూసి మళ్లీ తీసేవారు. ఎంతమంది కావాలంటే అన్నిసార్లు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా, ఒకసారి వెలుగు కొంచెం ఎక్కువైనా మొత్తం పోయినట్టే.

1962లో వచ్చిన గుండమ్మ కథలో ఇంకో రకం చిక్కు. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున.. నలుగురూ ఊపిరి తీసుకోలేనంత బిజీ. నలుగురూ కలిసి ఆడిపాడే పాటకు అందరి కాల్షీట్లు ఒకేసారి దొరకలేదు. ఇద్దరిద్దరిని పెట్టి వేరువేరుగా తీసి అతికించారు. హాల్లో చూసినవాళ్లకు మాత్రం నలుగురూ ఒకే తోటలో ఉన్నట్టే ఉంటుంది. ఎడిటింగ్ చేసే ఇప్పటి కుర్రాళ్లు ఈ పాటను ఒకసారి ఆపి ఆపి చూడాలి. వేరువేరు రోజుల్లో తీసిన ముక్కల మధ్య వెలుగు ఒకేలా ఉంచడం ఎలాగో అందులో కనిపిస్తుంది.

రంగుల్లోకి, సముద్రంలోకి

రంగుల సినిమా వచ్చాక నలుపు తెలుపులో ఆరితేరిన కొందరు కెమెరామన్లు వెనకబడ్డారు. బార్ట్‌లీ వెనకబడలేదు. 1965లో మలయాళంలో చెమ్మీన్ వచ్చింది. తకళి శివశంకర పిళ్లై నవల ఆధారంగా రాము కరియత్ తీశారు. డబ్బు పెట్టింది బాబు ఇస్మాయిల్ సేఠ్ అనే యువ నిర్మాత. సంగీతం బెంగాలీ సలీల్ చౌదరి, ఎడిటింగ్ హృషికేశ్ ముఖర్జీ, కెమెరా ఆంగ్లో ఇండియన్ బార్ట్‌లీ. ఒక హిందూ జాలరి అమ్మాయి, ఒక ముస్లిం చేపల వ్యాపారి మధ్య ప్రేమ, ఆ ఊరి కట్టుబాట్లు, వాటి వెనక సముద్రం. ఆ సముద్రాన్ని బార్ట్‌లీ ఒక పాత్రలాగే చూపించారు. దక్షిణాది సినిమాకు ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం రావడం చెమ్మీన్‌తోనే మొదలు. ఇన్ని భాషల, ఇన్ని మతాల మనుషులు కలిసి పని చేసిన ఆ సినిమా పతకం తెస్తే, ఎవరి వాటా ఎంత అని ఎవరు తేల్చగలరు?

1967లో ఆయన హిందీ రామ్ ఔర్ శ్యామ్‌కు పని చేశారు. తెలుగు రాముడు భీముడుకు అది హిందీ రూపం. నిర్మాత నాగిరెడ్డి, దర్శకుడు తాపీ చాణక్య. యూసుఫ్ ఖాన్, అంటే మన దిలీప్ కుమార్, రెండు పాత్రల్లో నటించారు. వహీదా రెహమాన్ ఒక హీరోయిన్. ఆమెను 1955లో రోజులు మారాయి సినిమాలో ఒక్క పాటతో తెలుగువాళ్ల నోట నిలబెట్టింది కూడా ఈ చాణక్యే. సంగీతం నౌషాద్, పాటలు షకీల్ బదాయూనీ. ఒక మనిషిని ఇద్దరుగా చూపించే విద్య బార్ట్‌లీ మద్రాసులో ఎప్పుడో నేర్చిందే. ఇప్పుడు దాన్ని రంగుల్లో చేశారు. ఉర్దూ పాటలు వినే ఇళ్లలో పెద్దలకు ఈ సినిమా బాగా గుర్తు. దాని కెమెరా వెనక ఉన్నది మిస్సమ్మ, మాయాబజార్ తీసిన మనిషేనని తెలిసినవాళ్లు తక్కువ.

1969లో తమిళ శాంతి నిలయం సినిమాకు ఉత్తమ రంగుల ఛాయాగ్రాహకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తమిళంలో కొత్తగా పాడుతున్న రోజుల్లో పాడిన ఒక పాట ఆ సినిమాలోదే. పద్దెనిమిదేళ్లకు పత్రిక కెమెరా పట్టిన బార్ట్‌లీకి అప్పటికి యాభై దాటాయి. 1993లో ఆయన కన్ను మూశారు.

పేరు వెనక్కి, పని ముందుకు

2010లో మాయాబజార్‌కు రంగులు అద్ది మళ్లీ విడుదల చేశారు. కొత్త తరం హాళ్లకు వెళ్లి చూసింది. 2013లో ఒక జాతీయ న్యూస్ ఛానల్ జనం ఓట్లు అడిగితే భారతీయ సినిమాల్లో అన్నిటికన్నా గొప్పదిగా మాయాబజారే నిలిచింది. ఎన్టీఆర్ గురించి, సావిత్రి గురించి, ఎస్వీఆర్ గురించి పుస్తకాలు వచ్చాయి, విగ్రహాలు లేచాయి. బార్ట్‌లీ ముఖం ఎలా ఉంటుందో మాత్రం తెలుగు ఇళ్లలో చాలామందికి తెలియదు. ఆయన పేరు టైటిల్స్‌లో రెండు మూడు సెకన్లు వచ్చి పోతుంది.

అయితే ఆయన పని మాత్రం పోలేదు. తెలుగు ఆయన పుట్టుభాష కాకపోయినా తెలుగువాళ్లు వెన్నెల అనుకోగానే తలచుకునే బొమ్మ ఆయన తీసిందే. కృష్ణుడి ద్వారకకు దీపాలు పెట్టినా, క్రైస్తవ మేరీ అలకను చూపించినా, జాలరి సముద్రాన్ని రంగుల్లో తీసినా, దిలీప్ కుమార్‌ను ఇద్దరిని చేసినా ఆయన ఒకే శ్రద్ధతో చేశారు. నువ్వు ఎవరివి, ఏ ఇంటివాడివి అని ఆ వెలుగు అడగలేదు. ఆయనను పనిలో పెట్టుకున్న నాగిరెడ్డి, చక్రపాణి, కె.వి. రెడ్డి కూడా పనినే చూశారు. మైనారిటీ ఇళ్లలో పిల్లలకు చెప్పుకోదగ్గ మాట ఇది. హునర్ గట్టిగా ఉంటే అడిగి మరీ పిలుస్తారు. పిలిచినవాళ్ల నమ్మకాన్ని నిలబెట్టడం మన వంతు.

కెమెరా కొన్న పిల్లలు ఉన్న ఇళ్లలో పెద్దలు ఇంకో సంగతి గమనించాలి. బార్ట్‌లీ నేరుగా పాటల దగ్గరికి రాలేదు. ముందు పదేళ్లు వార్తల ఫొటోలు, వార్తల రీళ్లు తీశారు. ఆ పని ఎలా చేయాలో ఉస్తాద్‌ల దగ్గర, వీధిలో, ఎండలో నేర్చుకున్నారు. ఇప్పుడు డ్రోన్ అద్దెకు దొరుకుతుంది, ఎడిటింగ్ ఫోన్‌లోనే అవుతుంది. వెలుగు ఎటు నుంచి వస్తున్నదో చూసే కన్ను మాత్రం అద్దెకు దొరకదు. దాన్ని సంపాదించుకోవడానికి పిల్లలకు కొన్నేళ్లు ఇవ్వాలి. ఈసారి టీవీలో పాత సినిమా వస్తే టైటిల్స్ అయిపోయేదాకా ఛానల్ మార్చకండి. ఛాయాగ్రహణం అని పడిన చోట పేరు చదివి పిల్లలకు చూపించండి.